పసుపు నీళ్ళతో కడిగిన బండి

ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగాను. వాన వెలిసింది, బురద మిగిలింది. భుజాన పాత కిట్ బ్యాగు. అందులో రెండు జతల బట్టలు, టార్చి, క్లోరిన్ బిళ్ళల డబ్బా. ఆర్డరు ఫోనులో వచ్చింది. "సుబేదార్ గారూ, మా కాలనీ కింది బస్తీకి తాగునీళ్ళు లేవండి. మీరు మిలట్రీలో నీళ్ళ సప్లై చూశారు కదా, ఒక్కసారి రండి." పిలిచింది కాలనీ సంఘం సెక్రటరీ, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. నేను రిటైరయ్యాక నాదర్‌గుల్‌లో ఉంటున్నాను. అన్నిటికంటే కష్టమైన పోస్టింగు ఏదని జనం నన్ను అడుగుతుంటారు. లదాఖ్ పేరు చెబుతానని చూస్తారు. ఎల్బీనగర్ అంటాను. నవ్వుతారు. నవ్వండి, నాకేం.

పరిస్థితి ఇది. చెరువు పొంగి బస్తీలోకి వచ్చింది. వరద తీసింది గానీ మంచినీళ్ళ పైపులో డ్రైనేజీ కలిసింది. ఇంటింటా వాంతులు, విరేచనాలు. పెద్ద ట్యాంకర్ మెయిన్ రోడ్డు దాకానే వస్తుంది. గల్లీ ఇరుకు, పైన కరెంటు తీగలు. మంచం పట్టినవాళ్ళు రోడ్డు దాకా రాలేరు. వాళ్ళు ఆ పైపు నీళ్ళే తాగుతున్నారు.

కావలసింది చిన్న బండి. "మా దగ్గర ఒకటి ఉందండి," అన్నాడు సెక్రటరీ నసుగుతూ. "కాలనీ వైకుంఠ రథం." అంటే శవాలను శ్మశానానికి చేర్చే ట్రాలీ ఆటో. నేను క్షణం కూడా ఆలోచించలేదు. సైన్యంలో పొద్దున రేషన్ మోసిన లారీయే సాయంత్రం శవపేటికను మోస్తుంది. బండి బండే. మీద ఉన్న అద్దాల పెట్టె దింపించాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వెల్డింగ్ షాపు పట్టుకున్నాం. ఒకటే పెద్ద ట్యాంకు పెడదామన్నాడు వెల్డరు. వద్దన్నాను. అది సగం ఖాళీ అయ్యాక మలుపులో నీళ్ళన్నీ ఒక పక్కకు దొర్లి బండిని పడేస్తాయి. అందుకని రెండు చిన్న ట్యాంకులు, బరువు వెనక ఇరుసు మీద పడేలా. వాటి కింద ఇనుప పైపు, అటు మూడు, ఇటు మూడు నల్లాలు. నడవలేనివాళ్ళ గుమ్మం దాకా పోయేలా పొడవాటి రబ్బరు గొట్టం. హయత్‌నగర్ వైపు ఎత్తులో ఉన్న ఒక ఫంక్షన్ హాలు బోరు దగ్గర నింపాలి, క్లోరిన్ బిళ్ళలు వేయాలి, అరగంట ఆగాలి. అప్పుడే నల్లా తిప్పాలి. బండికి నీలం రంగు వేయించాను. నిజం చెప్పొద్దూ, నా పనితనం చూసుకుని తెగ మురిసిపోయాను.

డ్రైవరు మాత్రం మురిసిపోలేదు. నల్లగొండ మనిషి, ఆ బండిని మొదటి నుంచీ నడిపినవాడు. "సార్, రంగేస్తే ఏమైతది? గీ బండి హారన్ సుత బస్తీల అందరికి ఎర్కే," అన్నాడు.

"నువ్వు నడుపు," అన్నాను.

అతను బండితో లోపలికి వెళ్ళాడు. నేను గల్లీ మొదట్లో నిలబడ్డాను. ఫోను మోగింది. "సార్, లోపట్కి ఒచ్చిన. అందరు బిందెలు వట్కొని నిలబడ్డరు. ఎవ్వరు దగ్గరికి ఒస్తలేరు. ఓవర్." మిలట్రీ వైర్‌లెస్‌లో అన్నట్టు ఆ ఓవర్ నన్ను ఆటపట్టించడానికి అంటుంటాడు. ఆ పూట అతని గొంతులో ఆట లేదు.

పరుగున వెళ్ళాను. అందరికంటే ముందు లచ్చమ్మ అనే పెద్దావిడ నిలబడి ఉంది, చంకలో ఖాళీ బిందె. ఆమె వెనక గుమ్మంలో కోడలు సుజాత గోడకు చేరగిలబడి ఉంది. పొద్దుటి నుంచీ వాంతులట. కళ్ళు లోపలికి పోయాయి.

"గీ బండ్లనే మా ముసలాయనను తీస్కపోయిన్రు," అంది లచ్చమ్మ. "గిండ్ల నీళ్ళు ఎట్ల తాగాలె సారూ?"

"ట్యాంకులు కొత్తవమ్మా. నీళ్ళు మంచివి. ఇదిగో చూడు." గ్లాసెడు పట్టి అందరి ముందూ గటగటా తాగాను.

"నీకేందయ్యా, మిలట్రోనివి," అని ఎవరో ఆడమనిషి వెనక నుంచి అంది. కొందరు నవ్వారు. బిందెలు మాత్రం కదల్లేదు.

"పసుపునీళ్ళతోని కడగాలె. నిమ్మకాయలు తొక్కియ్యాలె, కొబ్బరికాయ కొట్టాలె," అంది లచ్చమ్మ. "గప్పుడు తాగుతం."

నాకు ఒళ్ళు మండింది. తాగే నీళ్ళతో చక్రాలు కడగడమా! కుదరదని అరిచాను. ఆమె కూడా తగ్గలేదు. వాదన ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. చివరికి డ్రైవరు నా చెయ్యి పట్టుకుని, "సార్, జర ఆగుర్రి. రెండు బిందెలు పోతే పోనియ్యుర్రి. ఆ పిల్లను చూడుర్రి," అన్నాడు. చూశాను. నల్లా తిప్పమన్నాను.

ఎవరో పసుపు తెచ్చారు. బండి కడిగారు, టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి, కొబ్బరికాయ పగిలింది. ఆ వెంటనే లైను కట్టారు. తోపులాట లేదు, గొడవ లేదు. ఉప్పు, చక్కెర కలిపిన మొదటి గ్లాసు లచ్చమ్మే కోడలి నోటికి అందించింది. సుజాత తాగింది, కక్కేసింది, మళ్ళీ తాగింది. సాయంత్రం దవాఖానకు తీసుకెళ్ళారు. తెల్లారేసరికి పోయింది.

నేను అరుస్తూ గడిపిన ఆ కాసేపు ముందే నీళ్ళు తాగి ఉంటే బతికేదా? డాక్టరును అడిగాను. "చెప్పలేమండి," అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ తింటోంది.

అంబులెన్సు శవాన్ని మెయిన్ రోడ్డు మీదే దించేసింది. గల్లీలోకి పోగల బండి మాదొక్కటే. "ట్యాంకులు దింపి అద్దాల పెట్టె ఎక్కిద్దామండి. ఈ ఒక్కపూటకే కదా," అన్నాడు సెక్రటరీ. నేను పానా అందుకున్నాను. లచ్చమ్మ చూసింది.

"వద్దు. నా కోడలిని గీ బండ్ల ఎక్కియ్యకుర్రి."

"శ్మశానం చాలా దూరం కదమ్మా."

"దూరమైతేంది, మోస్కపోతరు. ఇండ్ల ఎక్కిస్తే రేపటి సంది ఎవ్వరు తాగరు సారూ. మా గల్లీల పిల్లలు ఇంక మంచాల్లనే ఉన్నరు. ఇది నీళ్ళ బండి."

పానా కింద పెట్టేశాను.

పాడె మా బండి పక్క నుంచే వెళ్ళింది. ఆ ముక్క చివర చెబుతాను. బండి తిరుగుతూనే ఉంది, పైపు బాగయ్యే దాకా. బస్తీలో ఇంకో ప్రాణం పోలేదు.

డ్యూటీ అయిపోయాక ట్యాంకులు దించాం. అద్దాల పెట్టె మళ్ళీ ఎక్కింది. సెక్రటరీ నాకు శాలువా కప్పి, "మీ డిజైన్ అద్భుతమండి," అన్నాడు. ఫోటో తీశారు. నాదర్‌గుల్ బస్సెక్కి ఇంటికొచ్చాను. "ఎట్లున్నది డ్యూటీ?" అని మా ఆవిడ అడిగింది. అయిపోయిందని చెప్పాను. శాలువా బీరువాలో ఎక్కడో ఉండాలి.

నా కళ్ళ ముందు నుంచి పోనిది వేరే ఉంది. పాడె ముందు పోతోంది. వెనక లచ్చమ్మ గుండెలు బాదుకుంటూ నడుస్తోంది. మా బండి దగ్గరికి రాగానే ఆగింది. ఒక నల్లా సరిగ్గా కట్టలేదు, నీళ్ళు కారుతున్నాయి. చావు జరిగిన ఇంటి మనిషి చెయ్యి తగిలితే ఆ నల్లా కింద ఇంకెవరూ బిందె పెట్టరు. అది ఆమెకు తెలుసు. ఏడుస్తూనే కొంగు లాగి చేతికి చుట్టుకుంది. ఆ కొంగుతో నల్లా గట్టిగా బిగించి, పాడె వెనక పరుగెత్తింది.