ఎల్. ఎమ్. స్వింటన్ పేరు

నల్లజాతి వకీలు ఎల్. ఎమ్. స్వింటన్ పూర్తి పేరు అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆ ఊళ్లో ఏ తెల్లవాడికీ తెలియదు. తెలిసిందా, తమవాళ్ల పేర్లకు గారు తగిలించే నోళ్లే ఆయన్ని మాత్రం పాలేరును పిలిచినట్టు పేరు పెట్టి పిలుస్తాయి. తండ్రిని అలా పిలవడం ఆయన చెవులారా విన్నాడు. అందుకే గుమ్మం మీది బోర్డుకీ రెండక్షరాలే, ఓటు చీటీకీ రెండక్షరాలే. "ఎల్ అంటే ఏమిటోయ్?" అని జడ్జి ఇరవై రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. "ఎల్ అంటే ఎల్లే, యువరానర్" అని ఈయన కళ్లజోడు తుడుచుకుంటూ విసుగ్గా చెబుతూనే ఉన్నాడు.

చివరికి శాసనసభకు నెగ్గాడు. అరవై ఏళ్లుగా నల్లవాడు కూర్చోని సభ అది. ప్రమాణానికి చెయ్యెత్తాడో లేదో, పైన జనం కూర్చున్న చోటునుంచి, ఆయన్ని చిన్నప్పటినుంచీ పెంచిన ఒడెస్సా పిన్ని గొంతు ఖంగుమంది.

"ఒరేయ్ లూషియస్! కాలరు సరిచేసుకోరా నాయనా!"

సభ గొల్లున నవ్వింది. ఇన్నేళ్ల కాపలా ఒక్క కేకతో గంగపాలైంది. పళ్లు కొరుక్కుంటూనే ఆయన కాలరు సరిచేసుకున్నాడు.

బయటికి రాగానే ఎర్రమొహం సభ్యుడొకడు భుజం మీద చెయ్యేశాడు. "అయితే లూషియసన్నమాట! ఏమోయ్ లూషియస్?"

స్వింటన్ ఆ చెయ్యి తీసేశాడు. "మీకు నేను స్వింటన్ గారిని. ఆ పేరు పెట్టి పిలవాలంటే చిన్నప్పుడు నా చీమిడి తుడిచి ఉండాలి. తుడిచారా?"