టిక్కులన్నీ తీసేసిన పూట

ఆ రోజుల్లో కంప్యూటరు ఆన్ చేసి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. యానాంలో మా పెదనాన్న నడిపే నెట్ సెంటర్లో నాది మొదటి ఉద్యోగం. ఆయన రిటైరైన మాస్టారు, ప్రార్థన లేనిదే ఏ పనీ మొదలుపెట్టని మనిషి. అందుకని కంప్యూటరు తెరుచుకోగానే దానంతటదే ఒక క్రైస్తవ కీర్తన పాడేలా ఎవరిచేతనో పెట్టించారు. దాంతోపాటు గడియారమూ, చేపలు ఈదే బొమ్మా, ఇంకా ఎవరెవరో ఎక్కించిపోయినవన్నీ పెళ్లి భోజనాల్లో మొదటి బంతికి ఎగబడ్డట్టు ఒక్కసారే వచ్చి కూర్చునేవి.

నేనేమో కంప్యూటరు కోర్సు పూర్తిచేసినదాన్ని. (సర్టిఫికెట్టుకు అప్పటికే ఫ్రేము కట్టించాం.) రేపు పదో తరగతి ఫలితాలనగా, కంప్యూటరుతోపాటు ఏవేవి మొదలవ్వాలో చూపించే చోటు తెరిచి, పేరు అర్థం కాని ప్రతిదానికీ టిక్కు తీసేశాను. ఏ పేరూ అర్థం కాలేదు కనుక అన్నీ పోయాయి. పాటను మాత్రం తెలిసే తీశాను. మళ్లీ ఆన్ చేస్తే చిటికెలో తెరుచుకుంది.

"చూశారా పెదనాన్నా!" అన్నాను.

"పాటేదమ్మా?" అన్నారాయన చిన్నబుచ్చుకుని.

"రేపంతా జనం. పాటలు వింటూ కూర్చుంటే ఎలాగండీ?" అని కొట్టిపారేశాను.

మర్నాడు ఫరంపేట, కనకాలపేట పిల్లలంతా గుమ్మం దగ్గరే ఉన్నారు. అందరికంటే ముందు మా చెల్లి, హాల్ టికెట్టు నలిపేస్తూ. లెక్కల పరీక్ష రాసి ఏడుస్తూ ఇంటికొచ్చిన పిల్ల అది. తప్పితే చదువు మాన్పించి అత్తయ్య కుట్టుమిషను దగ్గర కూర్చోబెడతానని నాన్న అప్పటికే ప్రకటించేశారు. కంప్యూటరు చిటికెలో తెరుచుకుంది. నెట్ మాత్రం రాలేదు. నెట్టుకు ఫోను లైను కలిపే ప్రోగ్రాము కూడా నేను తీసేసినవాటిలోనే ఉందని అప్పుడు అర్థమైంది. వాటిలో అదేదో మాత్రం అర్థం కాలేదు.

"ఏవండీ కంప్యూటరమ్మగారూ, ఎంతసేపండీ?" అని వెనకనుంచి ఒకాయన. "అక్కా, ముందు నా నంబరే చూడవే" అని చెల్లి. తీసిన టిక్కులన్నీ మళ్లీ పెట్టి, ఆపి, ఆన్ చేశాను. గడియారం వచ్చింది, చేపలొచ్చాయి, కీర్తన మొదలైంది. పెదనాన్న లేచి కళ్లు మూసుకున్నారు. ఆయన్ని చూసి పిల్లలంతా చేతులు కట్టుకున్నారు. కూతురి నంబరు చూపించుకుందామని చేపలవేట మానుకుని వచ్చిన ఒకాయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. "ఏ దేవుడైతే ఏంటండి, పాసైతే చాలండి, ఆయ్" అన్నాడు.

పాట అయ్యేసరికి నెట్ వచ్చింది. చెల్లి లెక్కల్లో ఎలాగో గట్టెక్కింది. అది నన్ను పట్టుకుని ఏడ్చింది, నేను దానికంటే గట్టిగా ఏడ్చాను. ఇక అక్కణ్ణుంచి పాట వినందే ఏ పిల్లా తన నంబరు చెబితే ఒట్టు. "ముందు పాటెయ్యండక్కా" అని ఒకటే గోల. పెదనాన్న నన్ను కోప్పడలేదు. "పాట బాగుందంటున్నారమ్మా" అని మాత్రం సాయంత్రం దాకా మురిసిపోయారు.

ఇప్పుడు ఫోనులో ఏదైనా అక్కర్లేదనిపించి తీసేయబోతే నా వేలు వెనక్కి వచ్చేస్తుంది. అది ఏం చేస్తుందో, ఎవరికి కావాలో ఎవరికి తెలుసు? తనకు తెలియనివన్నీ పనికిరానివేనని ఊడ్చిపారేసిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దాని ధైర్యం చూసి కాస్త అసూయ కూడా కలుగుతుంది.