ఆళ్లగడ్డ చుక్కనీటి పరికరం

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, జూన్ నెల మొదటి సోమవారం, నన్ను పేటెంట్ ఆఫీసు మెకానికల్ విభాగానికి అసిస్టెంట్ కంట్రోలరుగా వేశారు. అంతకు ముందు ఇరవై ఏళ్ళకు పైగా ఎగ్జామినరుగా చేశాను. ఎగ్జామినరు దరఖాస్తు చదివి, అలాంటిది ప్రపంచంలో ఇంతకు ముందే ఉందా అని వెతికి నివేదిక రాస్తాడు. మంజూరో తిరస్కరణో తేల్చి సంతకం పెట్టేది కంట్రోలరు. మా పనంటే ఏదో ప్రయోగశాలలో కూర్చుని యంత్రాలు తిప్పి చూడటమనుకుంటారు చాలామంది. అబ్బే, అంతా కాగితమే. నేను పరిశీలించిన వస్తువుల్లో చాలావాటిని ఈ జన్మలో కళ్ళతో చూడలేదు.

ఆ వారంలోనే నా ముందుకొచ్చిన ఫైళ్ళలో ఒకదాని పేరు ‘ద్రవాన్ని మోతాదుగా వదిలే పరికరం’. ఈ పేరుతో ఏటా బోలెడు వస్తాయి. సబ్బునీళ్ళ సీసా మూత దగ్గర్నుంచి పెట్రోలు బంకు గొట్టం దాకా అన్నీ ఈ గంపలోకే చేరతాయి. విసుగ్గానే తెరిచాను. చిరునామా దగ్గర చూపు ఆగింది. ఆళ్లగడ్డ. దరఖాస్తుదారు బ్రహ్మయ్యాచారి, వృత్తి శిల్పి. మాది నంద్యాల. ఆళ్లగడ్డ మాకు బస్సులో గంట దారి. సొంత జిల్లా కనిపిస్తే లోపల ఏదో కదులుతుంది, కాదనను. అయితే చుట్టరికం లేదు, పరిచయం లేదు కాబట్టి ఫైలు వేరేవాళ్ళకు మార్చాల్సిన పని లేదు. నేనే ఉంచుకున్నాను.

పరికరం గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు శిల్పులు ఉలితో మొదలుపెట్టరు. ముందు కరెంటు కటింగ్ మిషన్‌తో రాతిని ముతకగా కోసి, ఆ తర్వాత ఉలి పట్టుకుంటారు. కోసేటప్పుడు లేచే దుమ్ము సన్నటి పిండిలా ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు. కానీ నీళ్ళు ఎక్కువైతే రాతి మీద కావితో గీసుకున్న గీతలు కొట్టుకుపోతాయి, పైగా చేతిలో ఉన్నది కరెంటు మిషను. అందుకని అందరూ మూతికి తువ్వాలు చుట్టుకుని పొడిగానే కోస్తారు. బ్రహ్మయ్యాచారి చేసిందేమిటంటే, ఎత్తున ఒక చిన్న రాతి తొట్టి పెట్టి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే గొట్టంతో నీళ్ళను బ్లేడు అంచు దాకా తెచ్చాడు. బ్లేడు తొడుగు కింద ఒక ఇత్తడి మీట. బ్లేడు రాతిని తాకినప్పుడు మీట నొక్కుకుని చుక్కలు పడతాయి. మిషను ఎత్తగానే ఆగిపోతాయి. గీత చెరగదు, దుమ్ము లేవదు, మోటారు తడవదు. చదివి, భలేవాడివయ్యా అని పైకే అనేశాను.

దరఖాస్తు పత్రాలను ఇంగ్లీషులో రాసిపెట్టింది నంద్యాలలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు. వాటితో పాటు బ్రహ్మయ్యాచారి సొంత దస్తూరీతో ఒక తెలుగు ఉత్తరం ఉంది. ఆయన అన్న యాభై నిండకుండానే దుమ్ము రోగంతో పోయాడట. ఆ తర్వాతే ఈ పరికరం చేశాడు. ఆళ్లగడ్డలో తనదీ, తనవాళ్ళవీ కలిపి పదకొండు షెడ్లలో దీన్నే వాడుతున్నారు. ఈ మధ్య ఏదో కంపెనీ మనిషినని చెప్పుకుని ఒకడొచ్చి, ఫొటోలు తీసుకుని, కొలతలు రాసుకుని, ‘దీన్ని మేం మా పేరున రాయించుకుంటే మీరెవరూ వాడటానికి ఉండదు’ అని వెళ్ళాడట. ‘మేము దీన్ని వాడుకోకుండా ఎవరూ ఆపకుండా చూడవలసింది’ అని ఉత్తరం ముగించాడు. పేటెంటు వస్తే తన దగ్గర కాగితం ఉంటుంది, ఎవడూ ఆపలేడు అని ఆయన లెక్క.

పాత అలవాటు పోక వెతుకులాట కూడా నేనే మొదలుపెట్టాను. కటింగ్ మిషన్లకు నీళ్ళు పంపే ఏర్పాట్లు విదేశాల్లో చాలానే ఉన్నాయి. కానీ రాతిని తాకితేనే తెరుచుకునే మీట, గీత చెరగనంత చుక్క, ఈ రెండూ కలిసినది నాకు దొరకలేదు. మంజూరు దిశగానే రాసుకుంటూ, చివర్లో దరఖాస్తుకు జతచేసిన ఫొటోలు తిరగేశాను. మూడో ఫొటోలో రాతి తొట్టి ముందువైపు ఏవో అక్షరాలు కనిపించాయి. పెద్దది చేసి చూశాను. ఊరి పేరు, దాని కింద తేదీ. వాడుతున్నారని ఉత్తరంలో ఉందే గానీ ఎప్పట్నుంచో లేదు. ఇది దరఖాస్తు పెట్టిన రోజుకు పది నెలల ముందు తేదీ!

పేటెంటుకు మొదటి షరతు కొత్తదనం. దరఖాస్తు పెట్టే రోజుకు ఆ వస్తువు నలుగురి వాడకంలో ఉండకూడదు. చేసినవాడే బయటపెట్టినా సరే, బయటపడ్డట్టే. ఫొటో చూసినప్పుడు బాధ కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. దొరికిందిరా అనుకున్నాను. ఎగ్జామినరుగా అన్నేళ్ళు చేసినవాళ్ళకు తప్పు పట్టుకోవడంలో ఒక సంబరం ఉంటుంది. పక్క గదిలో ఉన్న సహోద్యోగిని పిలిచి మరీ చూపించాను.

చట్టంలో ఒక సందు ఉంది. బయట నలుగురి మధ్య పెట్టి చూస్తే తప్ప పనితీరు తేలని వస్తువైతే, దరఖాస్తుకు ముందు ఏడాది లోపల కేవలం పరీక్ష కోసం వాడి ఉంటే, కొత్తదనం పోయినట్టు లెక్క కాదు. ఈయనది పది నెలలే. కాబట్టి పరిశీలన నివేదికలో అభ్యంతరం రాసి, ఆ వాడకం పరీక్ష కోసమా కాదా తెలపమని అడిగాను. వచ్చిన జవాబు ఎటూ తేల్చలేదు. ఇదంతా అయ్యేసరికి ఏడాది తిరిగి మళ్ళీ జూన్ వచ్చింది, విచారణకు పిలిచాను.

విచారణ వీడియోలో జరిగింది. నంద్యాల కాలేజీ గదిలో లెక్చరరు, ఆయన పక్కన బ్రహ్మయ్యాచారి. నా బొమ్మ వాళ్ళకు సరిగ్గా కనిపించడం లేదని లెక్చరరు రెండుసార్లు చెప్పాడు. మాట వినబడితే చాలని మొదలుపెట్టాను. రికార్డు ఇంగ్లీషులోనే అయినా మాట్లాడింది తెలుగులో. తొట్టి మీద తేదీ నిజమేనా అని అడిగాను.

“నిజమే మ్యాడం. రాతి మీద అబద్ధం ఎట్ల చెక్కుతాం? మా షెడ్లో తేదీ ఎయ్యకుండా ఏదీ బయటికి పోదు” అన్నాడు.

మిగతా షెడ్లకు ఎప్పుడు బిగించారన్నాను. ఆ నెలలోనే అన్నాడు. సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఇచ్చారా అని, ఇక అంతకంటే విప్పి చెప్పలేనంతగా అడిగాను. లెక్చరరు మోచేత్తో పొడవడం నాకు కనబడింది.

“చూసేదేముండాది మ్యాడం? నా షెడ్లో చూసుకున్యాకనే ఇచ్చినా. అందురూ దుమ్ము లేకుండా కోస్తాండారు. పనిముట్టు దాచిపెట్టుకుంటే వాళ్ళు దుమ్ము తినాల్నా?”

ఇక దారి మూసుకుపోయింది. ఆ నిజాయితీకి మనసులో దండం పెట్టుకున్నాను గానీ, దండాలు రాసుకునే గడి మా నమూనా పత్రంలో లేదు. పేటెంటు రావడం కష్టమని చెప్పాను.

“అయితే మాది చెల్లదా మ్యాడం?”

“చెల్లదు” అన్నాను.

“సరే మ్యాడం. గవర్మెంటు మాట గదా” అని లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

పది రోజుల్లో తిరస్కరణ ఆర్డరు రాశాను. ఏడు పేజీలు. ఫొటో, తేదీ, ఆయన చెప్పిన మాటలు, వర్తించే సెక్షన్లు అన్నీ వరసగా ఉన్నాయి. బాగా కుదిరిందని కొత్తగా చేరిన ఎగ్జామినర్లకు నమూనాగా కూడా చూపించాను. ఆ ఉత్తరం సంగతి ఆర్డరులో ఎక్కడా రాలేదు. ఉత్తరాలు మాకు సాక్ష్యం కిందికి రావు.

మరుసటి ఏడు సంక్రాంతి దాటాక, నంద్యాలలో ఉండే మా చెల్లెలు సరళ, ఆమె భర్త, నేను అహోబిలం బయల్దేరాం. ఆళ్లగడ్డ ఊళ్ళో రోడ్డుకు రెండు వైపులా శిల్పుల షెడ్లు. చుక్కనీటి పరికరాన్ని ఒక్కసారైనా కళ్ళారా చూద్దామని కారు ఆపించాను. ఎక్కడ చూసినా తెల్లటి దుమ్ము. కానుగ చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. మూతులకు తువ్వాళ్ళు చుట్టుకుని పొడిగానే కోస్తున్నారు. ఇవి ఆ షెడ్లు కావేమో అనుకుంటూ దగ్గరికి వెళితే, గోడవారన బోర్లించిన రాతి తొట్టి కనిపించింది. ఫొటోలో చూసినదే.

లోపల్నించి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఒకాయన వచ్చాడు. గొంతు వినగానే గుర్తుపట్టాను. ఆయన నన్ను పోల్చుకోలేదు.

“ఏం కావాల్నమ్మా? నరసింహసామి చిన్న సైజులో ఉండాడు, చూడు.”

నీళ్ళు పెట్టి కోయరా అని అడిగాను.

“కోస్తా ఉంటిమి. ఇప్పుడు ఆపేసినాం. గవర్మెంటు వద్దనిందమ్మా. పట్నంలో ఎవురో మ్యాడం ఉండాది. కంప్యూటర్లో మాట్లాడినా ఆయమ్మతో. మంచిగానే మాట్లాడింది. మళ్ళా కాయితం పంపిచ్చింది, చెల్లదని.”

“చెల్లదంటే?”

“చెల్లదంటే ఏందీ, వాడగూడదని గదా! పదకొండు షెడ్లూ తిరిగి నేనే ఊడబెరికినా. నన్ను నమ్మి పెట్టుకున్యారు. రేపు ఎవుడన్నా కేసేస్తే వాళ్ళు కోర్టుల సుట్టూ యాడ తిరుగుతారు?”

కోత ఆపిన ఒకాయన దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. కారెక్కి వెళ్ళిపోవచ్చు కదా అనే ఆలోచన కూడా వచ్చింది, దాచడం ఎందుకు? సరళ నా వైపే చూస్తోంది.

“ఆ మ్యాడం నేనేనప్పా” అన్నాను.

ఆయన కాసేపు నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, “ఓరప్పా, ఆయమ్మ ఈయమ్మేనంట!” అన్నాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి.

అక్కడే ఒక రాతి దిమ్మె మీద కూర్చుని చెప్పుకొచ్చాను. పేటెంటు అంటే వాడుకోవడానికి ఇచ్చే లైసెన్సు కాదు, ఇతరులను ఆపే హక్కు మాత్రమే. అది రాలేదంటే మీరు ఇతరులను ఆపలేరని అర్థం, వాడుకోవడానికి ఏ అడ్డూ లేదు. పైగా మీ దరఖాస్తు బొమ్మలతో సహా గెజిటులా మా జర్నల్లో అచ్చయింది. ఇకముందు ఏ కంపెనీ ఇదే పరికరం నాదని వచ్చినా, మీ దరఖాస్తునే చూపించి వెనక్కి పంపుతారు. ఆ మనిషి మిమ్మల్ని ఆపుతానన్నాడు చూడండి, వాడి తరం కాదు.

బ్రహ్మయ్యాచారి అంతా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది.

“అయితే ఈ ముక్క ఆ పొద్దే చెప్పొచ్చు గదమ్మా. ఒక్క మాట” అన్నాడు.

దరఖాస్తుదారుకు సలహా ఇవ్వడం మా విధి కాదు, లెక్చరరు చెప్పి ఉండాల్సింది అనే జవాబులు ఉన్నాయి. ఆ లెక్చరరు వేరే కాలేజీకి మారిపోయి, ఆర్డరును ఫోనుకు పంపేసి ఊరుకున్నాడని అక్కడే తెలిసింది. కానీ ‘చెల్లదు’ అన్నది నేను. ‘గవర్మెంటు మాట గదా’ అని ఆయన అన్నప్పుడు విని ఊరుకున్నదీ నేనే. ఇప్పుడైనా రాసిస్తానన్నాను.

సరళ బ్యాగులోంచి నోటుబుక్కు తీసి ఇచ్చింది. ఈ పరికరాన్ని ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చని, దరఖాస్తు నంబరుతో సహా తెలుగులో రాసి సంతకం పెట్టాను. దాని మీద ఆఫీసు ముద్ర లేదు, చట్టంలో దానికి విలువా లేదు. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, స్పానరు అందుకున్నాడు. మేము బయల్దేరేలోగా మొదటి షెడ్లో తొట్టి పైకెక్కింది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, సొంతంగా దరఖాస్తు పెట్టుకున్న ఏ మనిషిది తిరస్కరించినా, విచారణ ముగించే ముందు రెండు సంగతులు ఆయన భాషలో చెప్పేదాన్ని. మీరు ఏది చేయలేరు, ఏది చేయవచ్చు అని. ఆయన చేత మళ్ళీ చెప్పించుకుని గానీ వీడియో కట్ చేసేదాన్ని కాదు. నిబంధనల్లో ఇది లేదు, వద్దని కూడా లేదు.

బ్రహ్మయ్యాచారి అప్పీలుకు వెళ్ళలేదు. వెళ్ళినా నా ఆర్డరు నిలబడేది, అందులో ఒక్క వాక్యం కూడా తప్పు కాదు. ఆ ఆర్డరు వల్ల ఏడు నెలల పాటు పదకొండు షెడ్లలో మనుషులు రాతి దుమ్ము పీల్చారు.