అటక మీది లాభం

ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. బ్యాలెన్స్ షీటు చదవడం నాకెవడూ నేర్పలేదు. ఆడిటరుగారి గుమాస్తా పారేసిన కాగితాలు ఏరుకుని నేర్చుకున్నాను. అందుకే, చదివే ఓపిక లేక చెయ్యెత్తేవాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాజోలు దగ్గర మా బావమరిదీ నేనూ చెరి ఐదు లక్షలు పెట్టి స్థలం కొని, అందులో కొబ్బరికాయల కొట్టు తెరిచేం. ఏటా లాభంలో కొంత ఇళ్ళకి తీసుకుని, మిగతాదాంతో కాయ కొని కురిడీకని అటకెక్కించేవాళ్ళం. లోపలి నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలి గలగలమనడానికి ఏడాది పడుతుంది. అప్పటిదాకా ముట్టుకోకూడదు.

ఆ ఏడు బ్యాంకు అప్పుకోసం ఆడిటరుగారు కాగితం తీసేరు. యజమానుల సొమ్ము కింద రెండు వరసలు: పెట్టుబడి పది లక్షలు, పంచుకోకుండా నిలిపిన లాభం ఎనిమిది. మా బావమరిది అప్పటికే ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువు లీజుకి మాటిచ్చేశాడు.

"బావగారూ, నా నాలుగూ ఇచ్చెయ్యండి."

"నగదు వరస చూడరా. పన్నెండు వేలు. మిగతాదంతా పైన ఆరుతోంది."

"ఆయ్. ఎనిమిది లక్షలని సీలేసి మరీ ఇచ్చేరు కదండీ. బీరువా తాళాలివ్వండి."

ఇవ్వలేదు. కాయలు ఒలిచే గునపంతో బీరువా తలుపు చీల్చేడు. పన్నెండు వేలూ, పాత రసీదులూ రాలేయి.

"చూశావా? లాభం అటక మీదుంది," అన్నాను.

"అయితే అక్కడే ఉండనివ్వండి," అని పీచు ఉండకి నిప్పంటించి పైకి విసిరేడు.

గునపం అందుకుని వాడి కుడి మణికట్టు మీద కొట్టేను. ఎడం చేత్తో మొలలోని కత్తి దూసి నా మోచెయ్యి ఎముకదాకా కోసేడు. మళ్ళీ కొట్టేను. ఎముక విరిగిన చప్పుడు మంటల్లోనూ వినపడింది. ఆ రెండో దెబ్బ తప్పని ఇవాళ్టికీ ఒప్పుకోను.

పీచు మంట నీళ్ళకి లొంగలేదు. అటకంతా కూలింది. పోలీసులకి మాత్రం దీపం పడిందని ఇద్దరం ఒకే మాట చెప్పేం.

చేతికి పిండికట్టుతో ఆసుపత్రి మంచం మీంచి అడిగేడు: "ఇప్పుడు నా వాటా ఎంతండీ?"

"లాభం వరస సున్నా. పెట్టుబడిలో నీ ఐదూ ఉంది. అదీ స్థలంలో ఉంది, అమ్మితేనే."

ఈసారి కాగితం అడిగి తీసుకున్నాడు. పై నుంచి కిందికి రెండుసార్లు చదివేడు.

స్థలం అమ్మేశాం. ఐదు లక్షలూ ఎడం చేత్తో, మెల్లగా లెక్కపెట్టుకున్నాడు. నేను తొందరపెట్టలేదు.