నాదొకటే

మైపాడులో మా పక్కింటి అత్త పోయింది. ఆ రాత్రి నేను నెల్లూరులో పుట్టింట్లో ఉండి, తెల్లారి మొదటి బస్సుకు వచ్చాను. బస్సు ఆగే చోటే చిల్లర అంగడి. తలుపు చెక్కలు సగమే తీసి ఉన్నాయి. అంగడి సాయిబు నన్ను చూసి బయటికొచ్చాడు.

"పంతులమ్మా, రాత్రి మీ అత్త పొయ్యిందమ్మా. జరం తగ్గిందనుకున్నాము, తగ్గలా. ఇంక నా అంగట్లో 'నాదొకటే' అని ఎవురు అరస్తారు?" అన్నాడు.

ఆమె నాకు చుట్టం కాదు. చేపలమ్ముకునే మనిషి. భర్త కాలం చేశాక తట్ట నెత్తికెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. పక్కింటి పెద్దమనిషి కాబట్టి నేను అత్తా అన్నాను, ఆమె నన్ను 'మే' అంది. చుట్టరికం అక్కడ మొదలైంది.

'నాదొకటే' అంటే ఏమిటో మా ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు, మీకు చెప్పాలి. సాయంత్రం పడవలొచ్చి చేపలు అమ్ముడైన వేళ ఊరంతా ఆ అంగట్లోనే ఉంటుంది. వరుస అనే మాట అక్కడ ఎవరూ విని ఉండరు. వెనకనుంచి చేతులు భుజాల మీదుగా, చంకల కిందుగా వస్తాయి. ఒకడు పుట్నాల బస్తాలో చెయ్యి పెట్టి రుచి చూసే వంకన కడుపు నింపుకుంటాడు. ఒకామె నూనెలో వేలు ముంచి వాసన చూసి, తుడుచుకోవడానికి పక్కామె కొంగు వెతుకుతుంది. వీళ్ళందరినీ తలదన్నింది మా అత్త. వస్తూనే "నాదొకటే సాయిబన్నా, ఉప్పు! ఒక్క ఉప్పే!" అంటూ జనాన్ని చీల్చుకుని ముందుకొచ్చేది. ఉప్పు చేతిలో పడ్డాక మిరపకాయలు గుర్తొచ్చేవి. ఆ తరువాత చింతపండు, బెల్లం, పొగాకు. బెల్లం ముక్క కొరికి బాగాలేదనేది, ఇంకోటి కొరికి అదీ బాగాలేదనేది, చివరికి మొదటిదే పట్టుకుపోయేది.

ఇదంతా ఒక ఎత్తు, ఆమె గడ్డం ఒక ఎత్తు. ముందు నిలబడ్డవాళ్ళ భుజం మీద గడ్డం ఆనించి, ఏం కొంటున్నారో బుట్టలోకి తొంగి చూసేది. పెళ్ళయి, ఇక్కడి బడిలో పనికి కుదిరి వచ్చిన కొత్తలో ఆ గడ్డానికి నా ఎడమ భుజం దొరికింది. నేనేమో మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని. ప్రార్థనకైనా, పళ్ళెంలో కూడుకైనా మూరెడు ఎడంగా నిలబడడం నేర్చినదాన్ని. పైగా ఆమె తట్టలోంచి కారే నీళ్ళు సరిగ్గా నా చీర మీదే కారేవి. ఎంత ఉతికినా, ఆదివారం గుళ్ళో నా పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అత్తా, కొంచెం ఎడంగా నిలబడకూడదా? మూరెడు చాలు."

ఆమె పగలబడి నవ్వింది. "మూరెడేంది మే? పొద్దున్నే మొగోళ్ళు పడవని నీళ్ళలోకి ఎట్టా తోస్తారో చూడలేదా నువ్వు? ఒకడి బుజం ఒకడికి ఆనాల. మూరెడు ఎడంగా నిలబడితే పడవ ఇసకలోనే పడుంటది."

"ఇది పడవ కాదత్తా, అంగడి."

"యాడైనా అంతే మే" అని మళ్ళీ గడ్డం పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తరువాత జనం లేని వేళ చూసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో అంగడికి వెళ్ళిరావడం మొదలుపెట్టాను.

నా మొదటి బిడ్డ కడుపులో నిలవలేదు. మరుసటేడు మళ్ళీ నెల తప్పినప్పుడు మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. దిష్టి తగులుతుందని భయం. బైబిలు చదివేదానికి దిష్టేమిటని అనకండి. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళకు అన్ని భయాలూ ఉంటాయి.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. నెల్లూరు బస్సు ఆగిపోయింది. పని మీద వెళ్ళిన మా ఆయన అక్కడే చిక్కుబడ్డాడు. ఇంట్లో బియ్యం, కిరసనాయిలు రెండూ అడుగంటాయి. ఊరి పరిస్థితీ అదే కాబట్టి అందరూ ఒక్కసారే అంగడి మీద పడ్డారు. ఎలాగో ముందుకు చేరానే గానీ, వెనకనుంచి తోపుడు ఎక్కువైంది. సాయిబు ముందున్న బల్ల అంచు నా పొత్తికడుపుకు ఒత్తుకుంది. చేతులు అడ్డం పెట్టుకున్నాను. "తొయ్యకండి" అని నేనన్న మాట నాకే వినబడలేదు. ఈ బిడ్డ కూడా నాకు దక్కదనుకున్నాను.

అప్పుడు ఎడమ భుజం మీద గడ్డం పడింది. తడి కొంగు, చేపల వాసన.

"బల్ల కాడ నుంచి ఎనక్కి రా మే. నా మీద ఆనుకో" అంది చెవిలో.

నాకు అటొక చెయ్యి, ఇటొక చెయ్యి చాచి బల్ల పట్టుకుంది. పడవను తోసేవాళ్ళలాగా కాళ్ళు నేలకు తన్నిపెట్టి, వీపుతో జనాన్ని వెనక్కి నెట్టింది. ఆ చేతుల మధ్య, నాకూ బల్లకూ నడుమ కాస్త చోటు ఏర్పడింది. మూరెడు ఉంటుంది.

"సాయిబన్నా, మాదొకటే!" అని అరిచింది.

సాయిబు తలెత్తాడు. "మాదేంది? నీదొకటే గదా ఎప్పుడూ?"

"మాదే. నాదీ, ఈ పిల్లదీ, దాని కడుపులో ఉండేదానిదీ. ముగ్గురిదీ ఒకటే. ముందు కట్టియ్యి!"

నేను దాచుకున్న సంగతి ఒక్క అరుపుతో ఊరందరికీ తెలిసిపోయింది. కానీ తోపుడు ఆగింది. పుట్నాల బస్తాలో చెయ్యి పెట్టినవాడు కూడా చెయ్యి తీసేసి వెనక్కి జరిగాడు.

ఇంటికి పోతూ అడిగాను, నీకెలా తెలుసత్తా అని.

"ఎండలో పొయ్యొస్తా ఉంటివి గదా, గుమ్మం కాడ నీ బుట్ట చూడలా నేను? కాపీపొడి మానేసినావు. మాటిమాటికీ సొంటి కొన్నావు. అన్నీ నోటితో చెప్పాల్నా?"

నాకు ఆడపిల్ల పుట్టింది. అప్పటినుంచి మా రెండిళ్ళకూ ఒకటే బుట్ట. నేను బుట్ట పట్టుకునేదాన్ని, ఆమె "మాదొకటే" అని అరిచేది; నేను లేని రోజు మళ్ళీ "నాదొకటే". ఇంటికొచ్చాక పంచుకునేవాళ్ళం. నా వంతు బెల్లం కూడా ఆమే కొరికి చూసేది. అది మంచి పద్ధతని నేను ఇప్పటికీ అనను. బడిలో నా పిల్లలకు వరుసలోనే నిలబడమని చెబుతాను. అయినా, పలక పట్టుకుని నా కూతురు ఆ వరుసలో నిలబడినప్పుడల్లా, వరుస లేని ఆ అంగట్లో జనం మోచేతులన్నీ తన వీపున కాసిన మనిషి గుర్తొస్తుంది. ఆ వీపు ఎంత నొచ్చిందో ఆమె ఏనాడూ చెప్పలేదు. ఆ మేలు నేను చచ్చేదాకా మరిచిపోను.

నిన్న సాయంత్రం అంగడికి వెళ్ళాను. పడవలొచ్చిన వేళ, ఎప్పటి జనమే. సాయిబు నన్ను చూడగానే అలవాటు చొప్పున అత్త పొగాకు కాడ తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టాక గుర్తొచ్చింది. చెయ్యి దాని మీదే ఆగిపోయింది.

"ఏం కావాల పంతులమ్మా?" అన్నాడు, ఎటో చూస్తూ.

"నాదొకటే సాయిబన్నా. ఉప్పు."

ఆ మాట వింటే మా అంగట్లో అందరూ నవ్వేవాళ్ళు. నిన్న ఎవరూ నవ్వలేదు. వెనకనున్నవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే, తలా కొంచెం జరిగారు. నా ఎడమ పక్కన మూరెడు చోటు ఖాళీ అయింది. ఉప్పు పొట్లం చేతికొచ్చాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను, ఎడమ భుజం కొంచెం వంచి.