ఎర్రజెండా రోజున ఎలీహియో ఉపన్యాసం

ఏ ఊరికైనా గొప్పగా చెప్పుకోవడానికి ఒక రాజో, ఒక యుద్ధమో ఉంటుంది. మా చిక్షులూబ్ రేవుకు ఉన్నదల్లా ఒక్క దెబ్బ. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట ఆకాశంలోంచి కొండంత రాయి వచ్చి సరిగ్గా మా నెత్తిన పడింది. డైనోసార్లు పోయాయి. మేం అప్పటికి పుట్టలేదు కాబట్టి బతికిపోయాం. ఆ తర్వాత మా ఊళ్ళో చెప్పుకోదగ్గది ఏదీ జరగలేదు.

ఆ ఒక్క దెబ్బకీ తనే వారసుడన్నట్టు ఉండేవాడు ఎలీహియో పెచ్. చేసేది ఆక్టోపస్ వేట. వేట లేని నెలల్లో మాత్రం ఊరి నడిబొడ్డున సిమెంటు డైనోసార్ పక్కన కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకు రాయి కథ చెప్పేవాడు. అది పడ్డప్పుడు పక్కనే నిలబడి చూసినట్టు చెప్పేవాడు. ఎప్పుడో రాళ్ళ శాస్త్రవేత్త ఒకాయన వాళ్ళింట్లో అద్దెకు దిగి నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళాడు. వాటికి ఎలీహియో నలభై కలిపాడు. మేం చాటున నవ్వుకునేవాళ్ళం గానీ, బయటి ఊరికి వెళితే మేమూ ఆ నలభైనే వల్లించేవాళ్ళం.

ఒక డిసెంబరులో రాజధాని నుంచి చట్టసభ సంఘం ఒకటి మా ఊరికి వస్తున్నట్టు కబురొచ్చింది. ఆకాశం నుంచి రాబోయే రాళ్ళ నుంచి భూమిని కాపాడడానికి ప్రభుత్వం జనం సొమ్ము ఖర్చు పెట్టాలా వద్దా? పెడితే, ముందుగా కనిపెట్టి చెప్పే దూరదర్శినులకు పెడితే సరిపోతుందా, లేక ఎదురెళ్ళి రాయిని పక్కకు నెట్టే యంత్రాలకూ పెట్టాలా? ఇదీ వాళ్ళ ప్రశ్న. దెబ్బ తిన్న ఊరినే అడిగితే బాగుంటుందనుకున్నారు. మమ్మల్ని అడిగితే ఐసు ఫ్యాక్టరీ కావాలని అడుగుతాం. అందుకే మా అందరి తరఫునా ఎలీహియో మాట్లాడాలని పెద్దలు తేల్చారు.

ఎలీహియోకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ వారమంతా వల ఊయలలో పడుకుని ఉపన్యాసం వల్లెవేశాడు. భార్య బర్తోలాకు అది కంఠతా వచ్చేసింది.

సభ రోజు పొద్దున్నే రేవు మీద ఎర్రజెండా ఎగిరింది. చలికాలంలో మా తీరానికి ఉత్తరం నుంచి గాలి విరుచుకుపడుతుంది. అది వచ్చే ముందు రేవు అధికారి జెండా ఎత్తి, పడవలు కదలకూడదంటాడు. అయితే గాలికి ముందు ఆక్టోపస్ పిచ్చెత్తినట్టు ఎర మీద పడుతుందని మా నమ్మకం. అంచేత ఆ జెండా మాకు పెళ్ళి పిలుపు. చూడగానే వెదురు గడలకు ఎరగా పీతలు కట్టుకుని బయల్దేరతాం.

కొడుకు ఎర్మీలో గుమ్మంలో నిలబడ్డాడు. "నాన్నా, జెండా ఎత్తారు. ఇంకో వారంలో వేట మూసేస్తారు కూడా. వెళ్ళనా, మాననా?"

ఎలీహియో అద్దం ముందు తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "ఆ జెండా ఎగరని రోజేదిరా? వాళ్ళ ఉద్యోగం అది. వెళ్ళి మధ్యాహ్నానికల్లా వచ్చెయ్."

"వద్దు నాయనా," అంది బర్తోలా వంటింట్లోంచి.

"నువ్వూరుకోవే. సముద్రం నాకు కొత్తా?"

ఎర్మీలో వెళ్ళాడు. వాడితోపాటు ఇంకో పది పడవలూ వెళ్ళాయి.

సభ మధ్యాహ్నం దాటాక డైనోసార్ పక్కనే, గుడారం కింద పెట్టారు. సంఘం అధ్యక్షురాలు మర్యాదగా నవ్వి మైకు అందించింది. ఎలీహియో గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అయ్యా! పాపం డైనోసార్లకు చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా వినే బుద్ధి లేదు. మనం మనుషులం. మనకు చెవులున్నాయి. రాయి వస్తోందని ఒక్క మాట ముందుగా చెప్పండి, చాలు. పిల్లాపాపల్ని తీసుకుని పక్కకు జరుగుతాం. దాన్ని కొట్టడానికి అంతంత ఖర్చు దేనికి, దండగ!"

చప్పట్లు పడ్డాయి. మేమే కొట్టాం. అంతలో ఉత్తరాన ఆకాశం నల్లబడింది. గుడారం ఒక్క ఊపు ఊగి, మేకులు పెరుక్కుని, డైనోసార్ మెడకు చుట్టుకుంది. జనం కుర్చీలు తన్నుకుంటూ లేచారు. బర్తోలా మాత్రం తిన్నగా వేదిక మీదికి వచ్చింది.

"పదకొండు పడవలు వెళ్ళాయి, పది వచ్చాయి. నీ కొడుకు రాలేదు. చెవులున్నాయన్నావే, పొద్దున జెండా ఎగిరినప్పుడు వాటిని ఎక్కడ పెట్టుకున్నావయ్యా?"

మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఊరంతా వింది.

ఎలీహియో పరుగెత్తాడు. తెల్లచొక్కాతోనే నీళ్ళలోకి దిగి పడవ తొయ్యబోయాడు. ఎర్మీలోకు జ్ఞానస్నానంలో తండ్రి వరసగా నిలిచిన తిబూర్సియో అతని నడుం పట్టుకుని వెనక్కు లాగాడు. "నువ్వు కూడా పోతే బర్తోలాకెవరు దిక్కురా?" అని అరిచాడు. అల ఒకటి ఇద్దర్నీ ఒడ్డు మీదికి విసిరేసింది. ఎలీహియో ఇసుకలో కూర్చుని ఏడ్చాడు. పది పడవలవాళ్ళమూ పక్కనే నిలబడ్డాం. జెండాను లెక్కచెయ్యనిది మేమూ కదా, ఏమని ఓదారుస్తాం?

పొద్దు వాలుతుండగా తూర్పు నుంచి ఒడ్డు వెంట ఎవరో నడిచి వస్తూ కనిపించారు. ఒంటి మీద చొక్కా లేదు, చేతిలో ఐసుపెట్టె మూత ఉంది. ఎర్మీలో! వేట బాగా పడుతుంటే ఇంకాసేపు ఉందామనుకున్నాడట. పడవ తిరగబడింది. మూత పట్టుకుని వేలాడితే గాలే వాణ్ణి ఒడ్డుకు నెట్టుకొచ్చింది. బర్తోలా వాడి చెంప ఛెళ్ళుమనిపించి, ఆ తర్వాత గట్టిగా కావలించుకుంది. ఎలీహియో కూర్చున్నచోటి నుంచే పాకుతూ వెళ్ళి కొడుకు పాదాలు పట్టుకున్నాడు.

సంఘంవాళ్ళూ జనంతోపాటు ఒడ్డుకు వచ్చి అక్కడే ఉండిపోయారు. కాసేపటికి అధ్యక్షురాలు అతని పక్కన ఇసుకలో కూర్చుంది.

"ఎలీహియో గారూ, ముందుగా చెబితే చాలు అన్నారు. అదే రాసుకోమంటారా?"

ఎలీహియో కొడుకు కాళ్ళు వదలకుండానే తలెత్తాడు.

"కొట్టెయ్యండమ్మా ఆ మాట. ఎంత ఖర్చయినా పెట్టి ఆ రాయినే పక్కకు నెట్టండి. మాకు చెప్పి లాభం లేదు, మేం వినం."