చేవలేని కర్ర కోసం

నందిగామ హైస్కూల్లో పాతికేళ్ళు సైన్సు బోధించిన పరంధామయ్య మాస్టారు గత మంగళవారం ఉదయం పరమపదించారు. ఆ దుర్వార్త, నందిగామ నుంచి బదిలీ మీద వచ్చి జగ్గయ్యపేటలో తెలుగు చెబుతున్న నాకు పదిగంటల బస్సులో వచ్చింది. పూర్వవిద్యార్థి ఒకడు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి "పంతులుగారూ, మన సైన్సు మాస్టారు పోయారండి" అన్నాడు. నేను క్వార్టర్లీ పేపర్లలో ఎవడిదో వ్యాకరణదోషం దిద్దుతున్నాను. దిద్దడం పూర్తిచేసి, మార్కు వేసి, అప్పుడు "ఏమన్నావు?" అని అడిగాను. చెవిన పడిన మాట మనసుకెక్కడానికి అంతసేపు పట్టింది. కిందటి వారమే కార్డు రాశారు, ఒంట్లో కులాసాగా ఉందని. అబద్ధం. ఆ సత్యసంధుడు నాతో ఆడిన అబద్ధాలు రెండే రెండు. ఇది రెండోది. మొదటిదాని కోసమే ఈ నాలుగు మాటలూ రాస్తున్నా.

ఆయన్ని ఎరగనివారికి చెప్పాలి. మితభాషి, సన్నటి మనిషి, ఏనాడూ విమానం ఎక్కలేదు. కానీ సెలవు దొరికితే చాలు, ఇంటి వసారాలో కూర్చుని బారెడు రెక్కల బొమ్మ విమానాలు కట్టేవారు. ఇంజను ఉండదు, గాలిలో తేలడమే వాటి పని. వాటికి బాల్సా అనే కర్ర కావాలి. అది సముద్రాలవతలి నుంచి రావాలి, మద్రాసులో ఒకే ఒక్క కొట్లో దొరకాలి, అదీ వాళ్ళకి ఓడలో సరుకు వచ్చినప్పుడు. దొరకని రోజుల్లో కొండపల్లి వెళ్ళి బొమ్మలు చెక్కే పొణికి కర్ర తెచ్చి చూశారు. లాభం లేకపోయింది. "బొమ్మ నిలబడితే చాలండి, విమానం లేవాలి కదా" అన్నారు నాతో, ఆ కర్ర పిల్లలకి స్కేళ్ళుగా చేసి పంచిపెడుతూ.

బజారులో కంసాలి ఒకాయన చెప్పిన సంగతి ఇది. మాస్టారు కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చి తూచమన్నారట. నగ అనుకుని ఆయన త్రాసు తుడిచి, గురిగింజలు సిద్ధం చేసుకుని పొట్లం విప్పితే లోపల నాలుగు కర్రముక్కలు. "ఇందులో బంగారం ఎక్కడుందండీ?" అంటే, "ఏది అన్నిటికంటే తేలికో అదేనండి" అన్నారట. ఆ కంసాలి చివరికి తన పాత త్రాసు ఒకటి ఆయనకే ఇచ్చేశాడు.

ఇక నా ఘనత చెప్పుకోవాలి. మా నాన్నగారిది జగ్గయ్యపేటలో టింబరు డిపో. టేకు పొట్టులో దొర్లి పెరిగినవాణ్ణి. మా కొట్లో కర్రకి ఒకటే పరీక్ష, చేవ ఉందా లేదా. కొడితే ఖంగుమనాలి, ఎత్తితే చెయ్యి దిగాలి, గోరు నాటకూడదు. చేవలేనిది పొయ్యిలోకి. మనుషులకీ మాకు అదే కొలత. "మీ నాన్నగారు పారేసే కర్రే నాక్కావాలండీ" అని మాస్టారు నవ్వుతూ అంటే, అది ఆయన చమత్కారం అనుకునేవాణ్ణి.

ఆయనకి ఒకే కోరిక ఉండేది. కీసర దగ్గర మున్నేటి గట్టు మీద నుంచి, గాలిపటంలా దారంతో లేపి వదిలిన విమానం దానంతటదే ఏరు దాటి అవతలి ఇసుకలో వాలాలి. "ఒక్కసారి దాటితే చాలండి" అనేవారు. మూడేళ్ళు లెక్కలు వేశారు. కర్ర ఒక్కటే తరువాయి. సరుకు వచ్చిందని కొట్టువాడు కార్డు రాసేసరికి ఆయనకి పరీక్షల డ్యూటీ పడింది. అదే వారం మా మేనల్లుడి పెళ్ళికి మద్రాసు వెళ్తున్న నేను, "కర్ర ఏరడం నాకా చెప్తారు మాస్టారూ?" అని బయల్దేరాను. ఆయన రాసిచ్చిన చీటీ జేబులోనే ఉంది. తెల్లగా ఉండాలి, గోరు నొక్కితే దిగాలి, చేతిలో ఉన్నట్టే తెలియకూడదు.

కొట్టువాడు కట్ట విప్పాడు. అన్నీ దూదిలానే ఉన్నాయి నాకు. ఎంత తేలికైనా కర్ర కర్రే కదా, ఉన్నవాటిలోనైనా చేవగలది ఏరుదామనుకున్నా. వాడు తెల్లటివి నా ముందుకి తోస్తుంటే, తెలుగువాడు దొరికాడని పనికిరాని సరుకు అంటగడుతున్నాడని వాడితో పోట్లాడా. చందనపు ఛాయలో, గోరు దిగని గట్టి పలకలు ఏరి, విరక్కుండా బెజవాడ దాకా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చా.

మాస్టారు ఒక పలక రెండు వేళ్ళ మీద పెట్టుకుని కాసేపు చూశారు. "చాలా మంచి కర్రండి" అన్నారు.

"చేవ చూసి తెచ్చా" అన్నాను.

"తెలుస్తోందండి" అన్నారు.

కార్తీకంలో ఒక పొద్దున తొమ్మిదో తరగతి పిల్లలందరినీ వెంటబెట్టుకుని కీసర వెళ్ళాం. విమానం లేచింది. దారం వదిలింది. తిన్నగా నీళ్ళ మీదికి పోయింది. సగం దూరం పోయాక ముక్కు వాల్చి, మెల్లగా ఏటి మధ్యలో దిగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టుకుపోతున్న దాన్ని చూసి, "నా లెక్క తప్పిందర్రా, పదండి" అన్నారు.

అదే మొదటి అబద్ధం. నేను నమ్మాను. నమ్మి ఊరుకున్నానా, లేదు. ఆరేళ్ళపాటు స్టాఫ్ రూములో ఆయన్ని దాంతోనే ఏడిపించాను. ఆయన నా టీలో పంచదార వేయబోతే "నేను వేసుకుంటాలెండి, మీ లెక్క మీద నమ్మకం లేదు" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. మళ్ళీ విమానం కట్టరేం అంటే, కర్ర రావట్లేదండి అనేవారు. అది నిజమే, ఆ తర్వాత ఆ కొట్టుకి సరుకు రాలేదు.

మూడో రోజు పలకరింపుకి వెళ్ళి, ఆయన భార్య సుభద్రమ్మ గారితో నా అలవాటు కొద్దీ అన్నాను, "ఆ ఒక్క లెక్కా తప్పకపోతే ఆయన కోరిక తీరేదమ్మా" అని. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వంక చూశారు.

"లెక్క తప్పలేదన్నయ్యగారూ. కర్ర బరువు. మీరలా వెళ్ళగానే త్రాసులో పెట్టి చూసుకున్నారు. నెల్రోజులు ఉప్పుకాగితంతో అరగదీశారు, ఇల్లంతా పిండే. ఇంకా గీస్తే విరిగిపోద్దన్నారు. అన్నయ్యగారికి చెప్పి ఇంకోటి తెప్పించకూడదా అంటే, అంత దూరం నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చారే, చెబితే చిన్నబుచ్చుకుంటారు, ఊరుకో అన్నారు."

ఆ మనిషి తన మూడేళ్ళ ఆశని తెలిసి తెలిసి ఏట్లో వదిలారు, నా ముఖం చిన్నబోకుండా. నేను ఆరేళ్ళు ఆయన్ని నవ్వులపాలు చేశాను.

భాషాప్రవీణ చదివినవాణ్ణి, మహనీయులు పోయినప్పుడు తీరని లోటు అని రాయడం నా వృత్తి, ఎందరికో రాసిచ్చాను. ఇవాళ దాని అర్థం తెలిసింది. క్షమించమని అడగడానికి మనిషి లేకపోవడమే తీరని లోటు. మాస్టారికి సాష్టాంగపడి నమస్కరిస్తున్నా. ఆ పొద్దున కీసర గట్టు మీద నిలబడ్డ పిల్లల్లారా, ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ ఉద్యోగంలో ఉన్నా, ఇది చదవండి. మీ మాస్టారి లెక్క తప్పలేదు. ఆ కర్ర ఏరింది నేను.